స్కాన్‌లో స్విచ్‌లు, ప్రింటర్లు ‘అన్‌నోన్ డివైస్’ అని వస్తుంటే: నా అనుభవం

ఆఫీసు నెట్‌వర్క్ స్కాన్ చేస్తే ఐపీ అడ్రస్‌లన్నీ వచ్చేవి, పింగ్‌కు జవాబూ ఉండేది. కానీ స్విచ్‌ల, ప్రింటర్ల పేరు, మోడల్ మాత్రం ఖాళీ. పాస్‌వర్డ్‌లు మళ్లీ ఇవ్వడం, ఐపీ రేంజ్ తగ్గించడం, టైమవుట్ పెంచడం, సాఫ్ట్‌వేర్ మళ్లీ ఇన్‌స్టాల్ చేయడం... ఏవీ పనిచేయలేదు.

దారి దొరికింది ఇలా. స్కాన్ టూల్‌ని పక్కన పెట్టి, అది నడిచే సర్వర్ నుంచే ఒక్క స్విచ్‌కి ఎస్‌ఎన్‌ఎంపీ (నెట్‌వర్క్ పరికరాలను వాటి వివరాలు అడిగే పద్ధతి) వాక్ కమాండ్ ఇచ్చాను. అడిగింది 1.3.6.1.2.1.1.1.0 ఒక్కటే, అంటే పరికరం వివరణ. టైమవుట్. అదే కమాండ్ పాత మానిటరింగ్ సర్వర్ నుంచి ఇస్తే వెంటనే మోడల్ పేరు వచ్చింది! అంటే కమ్యూనిటీ స్ట్రింగ్ (ఎస్‌ఎన్‌ఎంపీలో పాస్‌వర్డ్ లాంటి పదం) సరైనదే. ఈ తేడా చూడటం చాలా ముఖ్యం, ఎందుకంటే ఎస్‌ఎన్‌ఎంపీ వెర్షన్ 2సీలో స్ట్రింగ్ తప్పైనా, ఫైర్‌వాల్ అడ్డుకున్నా బయటికి కనిపించేది ఒకటే: మౌనం.

తర్వాత స్విచ్‌లో ఎస్‌ఎన్‌ఎంపీకి కట్టిన యాక్సెస్ లిస్ట్ (ఎవరు అడగవచ్చో చెప్పే ఐపీల జాబితా) తెరిచాను. అందులో పాత సర్వర్ ఐపీ ఒక్కటే ఉంది. స్కాన్ టూల్ నడిచే సర్వర్ ఐపీని చేర్చాను. ప్రింటర్లు వేరే వీలాన్‌లో (నెట్‌వర్క్‌లో విడదీసిన భాగంలో) ఉన్నాయి కాబట్టి మధ్యలోని ఫైర్‌వాల్‌లో ఆ సర్వర్‌కి మాత్రమే ఎస్‌ఎన్‌ఎంపీ వాడే పోర్ట్ యూడీపీ 161 తెరిపించాను. కమాండ్‌కి జవాబు వచ్చాకే ఆ ఒక్క ఐపీని స్కాన్ చేసి, ఆపైన మొత్తం రేంజ్ నడిపాను. వివరాలన్నీ నిండాయి.

మీ దగ్గరా ఇదే కారణమని చెప్పలేను. వెర్షన్ 3 వాడుతుంటే యూజర్, ఎన్‌క్రిప్షన్ సెట్టింగ్‌లు కూడా చూడాలి. విండోస్ కంప్యూటర్లు ఖాళీగా వస్తుంటే దారి వేరు: అక్కడ సాధారణంగా డబ్ల్యూఎంఐ (విండోస్ తన వివరాలు ఇచ్చే పద్ధతి), పోర్ట్ టీసీపీ 135 నుంచి మొదలుపెట్టండి.