గురుగ్రహం బరువెంతో మీరే లెక్కకట్టడం ఎలా

గురుగ్రహం భూమికి 318 రెట్లు బరువని చదివేసి వదిలేస్తాం కానీ దాన్నెవరూ త్రాసులో పెట్టలేదు కదా, మరి ఎలా తెలిసింది? దాని చుట్టూ తిరిగే చందమామల్ని చూసి. ఎంత దూరంలో తిరుగుతున్నాయి, ఒక రౌండ్‌కి ఎంత టైమ్ పడుతోంది, ఈ రెండూ తెలిస్తే మధ్యలో ఉన్నదాని బరువు బయటపడిపోతుంది. గ్రావిటీలో నాకు అన్నిటికంటే ఇష్టమైన విషయం ఇదే, పైగా ఇది ఎవరైనా చేసి చూసుకోవచ్చు.

కావాల్సింది చిన్న టెలిస్కోప్, అది లేకపోతే 10×50 బైనాక్యులర్స్. బైనాక్యులర్స్ అయితే చేత్తో పట్టుకుంటే చుక్కలు వణుకుతూ ఏమీ కనపడవు, ట్రైపాడ్‌కి బిగించండి లేదా గోడకి ఆనించండి. గురుడిని పట్టుకోవడం తేలికే, నక్షత్రాల్లా మిణుకుమిణుకుమనకుండా నిలకడగా వెలుగుతుంది, డౌట్ ఉంటే ఆకాశంలో ఏది ఎక్కడుందో చూపించే స్టెల్లేరియం యాప్‌లో చూసుకోండి. దాదాపు 13 నెలలకోసారి అది సూర్యుడికి సరిగ్గా ఎదురుగా వస్తుంది, దానికి కాస్త అటూ ఇటూ ఉన్న నెలలైతే రాత్రంతా కనిపిస్తుంది కాబట్టి అప్పుడు మొదలుపెట్టండి.

రోజూ ఒకే టైమ్‌కి చూసి, కాగితం మీద ఒక గీత, మధ్యలో గురుడు, ఆ గీత మీద చుక్కలు ఎక్కడున్నాయో అలా గీసి డేట్, టైమ్ రాయండి. 1610 జనవరిలో గెలీలియో చేసింది కూడా ఇదే, 7వ తేదీన 3 చుక్కలు చూశాడు, నాలుగోది ఇంకొన్ని రోజులకి తెలిసింది. యాప్ చూసి తర్వాత గీయొద్దు, ముందు మీ కళ్ళకి ఏం కనిపించిందో అదే గీయండి. మబ్బు పట్టిన రోజు ఖాళీగా వదిలేయండి, ఊహించి నింపితే లెక్కంతా పోతుంది. ఇంకోటి, టెలిస్కోప్‌లో కుడిఎడమలు తారుమారవుతాయి, పర్లేదు కానీ మొదటినుంచి చివరిదాకా ఒకే పరికరం వాడండి.

ఆ నాలుగు చుక్కలే గురుడి పెద్ద చందమామలు అయో, యూరోపా, గానిమీడ్, కాలిస్టో. నాలుగింటిలో గానిమీడ్‌ని ఎంచుకోండి, అన్నిటికంటే కాంతివంతమైంది అదే. గురుడి వెడల్పుకి 8 రెట్లకన్నా దూరంగా చుక్క కనిపిస్తే అది కచ్చితంగా కాలిస్టో, గానిమీడ్ అంత దూరం వెళ్ళదు.

దూరం కొలవడం దగ్గరే అసలు కష్టం. గురుడి వెలుగు ఎక్కువై బింబం ఉన్నదానికంటే పెద్దగా కనిపిస్తుంది, దాంతో దూరం తక్కువొస్తుంది. ఫోటోలు తీస్తే ఒకే జూమ్‌లో రెండు తీయండి, బింబం కోసం తక్కువ ఎక్స్‌పోజర్‌తో ఒకటి, చందమామల కోసం ఎక్కువ ఎక్స్‌పోజర్‌తో ఇంకోటి. ఇక్కడ జాగ్రత్త ఎందుకంటే లెక్కలో దూరానికి ఘనం కడతాం, దూరం 10 శాతం ఎక్కువ కొలిస్తే బరువు 33 శాతం ఎక్కువొచ్చేస్తుంది. గానిమీడ్ బాగా దూరం వెళ్ళిన రోజు అది గురుడి వెడల్పుకి 7.5 రెట్లు ఉండాలి. గురుడి వెడల్పు సుమారు 1,43,000 కి.మీ. కాబట్టి దూరం 10,72,500 కి.మీ.

టైమ్‌కి, ఒక వైపు చివరికి వెళ్ళిన రోజు నుంచి మళ్ళీ అదే వైపు చివరికి వచ్చేదాకా లెక్కపెట్టండి, అయితే ఒక్క రౌండ్‌తో ఆపకుండా 4 రౌండ్లు చూసి 4తో భాగించండి, అప్పుడు సగం రోజు తప్పు కూడా 3 గంటలకి తగ్గిపోతుంది. సుమారు 7.15 రోజులు రావాలి.

ఇప్పుడు మన చందమామతో పోల్చడమే. అది 3,84,400 కి.మీ. దూరంలో 27.3 రోజులకోసారి భూమిని చుట్టొస్తుంది. గానిమీడ్ దూరం దానికి 2.79 రెట్లు, ఘనం కడితే 21.7. టైమ్ దానిలో 0.262 వంతు, వర్గం కడితే 0.0686. మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే 316, అంటే గురుడు భూమికి 316 రెట్లు! దూరం ఘనానికీ టైమ్ వర్గానికీ ఉన్న ఈ సంబంధాన్ని కెప్లర్ 1619లో గ్రహాల లెక్కల్లోంచి బయటపెట్టాడు, ఎందుకలా ఉందో న్యూటన్ 1687లో గ్రావిటీతో చూపించాడు. ఇందులో గానిమీడ్ బరువు ఎక్కడా అడగలేదు చూడండి, బరువైనదైనా తేలికైనదైనా ఒకే దూరంలో ఒకేలా పడుతుంది, కక్ష్యలో తిరగడమంటే పక్కకి దూసుకుపోతూ ఆగకుండా పడుతూ ఉండటమే.

నమ్మకం కుదరకపోతే అయో తీసుకోండి. అది 4,21,700 కి.మీ. దూరంలో ఉంది, అంటే మన చందమామ భూమికి ఉన్నంత దూరమే ఇంచుమించు, కానీ 27 రోజులు కాదు, 1.77 రోజుల్లో చుట్టేస్తుంది. గురుడు ఎంత గట్టిగా లాగుతున్నాడో ఈ ఒక్క అంకెలోనే తెలిసిపోతుంది. మీ కాగితాలన్నీ పక్కపక్కన పెడితే ఇంకో సంగతి కూడా కనపడొచ్చు, గానిమీడ్ ఒక్క రౌండ్ తిరిగేసరికి యూరోపా 2, అయో 4 తిరుగుతాయి. ఈ తాళం ఆగకుండా నడుస్తుండటం వల్ల అయో కక్ష్య పూర్తిగా గుండ్రంగా మారలేదు, దాంతో గురుడి లాగుడు ఎక్కువతక్కువలై లోపలంతా పిసికినట్టయి వేడెక్కుతుంది, 1979లో వాయేజర్ 1 అనే అంతరిక్ష నౌక అక్కడ అగ్నిపర్వతాలు పేలుతుంటే చూసింది.

ఇదే లెక్కలో భూమి దూరం 14,96,00,000 కి.మీ., టైమ్ 365.25 రోజులు వేస్తే సూర్యుడు భూమికి దాదాపు 3,30,000 రెట్లని వస్తుంది, చేసి చూడండి. శుక్రుడికి మాత్రం ఇది కుదరదు, దానికి చందమామే లేదు. ప్లూటో బరువు కూడా 1978లో దాని చందమామ కేరన్ కనిపించాకే సరిగ్గా తేలింది, మన చందమామలో ఐదో వంతు కూడా లేదు. అక్కడ కేరన్ కూడా బాగా బరువైనదే కాబట్టి ఈ లెక్కతో వచ్చేది రెండిటి బరువూ కలిపి.