వీఎంలో 86బాక్స్ నత్తనడక నడుస్తోందా? ముందు తాబేలును చూడండి

వరంగల్ ఎనుమాముల చుట్టుపక్కల జిన్నింగ్ మిల్లుల్లో, రైస్ మిల్లుల్లో పాత క్లిప్పర్ (డాస్ కాలపు ప్రోగ్రామింగ్ భాష) లెక్కల ప్రోగ్రామ్‌ని వదలలేని వాళ్లు నాకు ఇంకా తగులుతూనే ఉంటారు. ఇప్పటి ప్రాసెసర్ మీద అది 'ఆర్6003, ఇంటీజర్ డివైడ్ బై జీరో' అని చూపించి ఆగిపోతుంది. ప్రాసెసర్ మరీ వేగంగా ఉండటమే దాని జబ్బు. వర్చువల్‌బాక్స్‌లో వీఎం (కంప్యూటర్ లోపల నడిచే ఇంకో కంప్యూటర్) చేసి నేరుగా డాస్ వేసినా లోపలికి వచ్చేది అదే ప్రాసెసర్ వేగం, కాబట్టి అదే ఎర్రర్. అందుకే వీఎంలో పాత కంప్యూటర్లను అనుకరించే 86బాక్స్ ప్రోగ్రామ్ పెట్టి, అందులో పాత 486 ప్రాసెసర్ ఉన్న ఒక మెషీన్‌ని తయారుచేస్తాం. రేపు కంప్యూటర్ పాడైనా వీఎం ఫోల్డర్‌ని ఇంకో దాంట్లోకి కాపీ కొడితే సరిపోతుంది.

సమస్య: 86బాక్స్ టైటిల్ బార్‌లో 100 శాతం ఉండాల్సిన చోట 30, 40 చూపిస్తుంది. ఒక అక్షరం కొడితే ఆలోచించుకుని వస్తుంది.

కారణం: ఫోన్ చేసినవాళ్లంతా 'ర్యామ్ పెంచాను, ఆరు కోర్లు ఇచ్చాను' అంటారు. 86బాక్స్ బరువంతా దాదాపు ఒక్క కోర్ మీదే పడుతుంది, రెండిస్తే ఎక్కువ. వీఎం లోపల ఇంకో వీఎం నడపడానికి ఇచ్చే నెస్టెడ్ వీటీ-ఎక్స్ టిక్కు కూడా దండగే, 86బాక్స్ దాన్ని వాడుకోదు. ఇవన్నీ చేస్తారు కానీ వీఎం విండో కింద కుడి మూలకు మాత్రం ఎవరూ చూడరు. అక్కడ 'వీ' ఉన్న చిప్ బొమ్మ ఉంటే మంచిదే. ఆకుపచ్చ తాబేలు ఉందంటే ప్రాసెసర్ వర్చువలైజేషన్‌ని విండోస్ హైపర్‌వైజర్ (వీఎంలు నడపడానికి విండోస్‌లోనే ఉండే పొర) పట్టుకుని కూర్చుందని అర్థం.

నేను దెబ్బతిన్నదీ ఇక్కడే. పత్తి సీజన్, గేటు బయట బండ్లు లైన్ కట్టాయి, సేటు 'తమ్మీ, జర జల్ది చెయ్' అంటున్నాడు. బయాస్‌లో వీటీ-ఎక్స్, అంటే ప్రాసెసర్ వర్చువలైజేషన్, ఆన్‌లోనే ఉంది. టాస్క్ మేనేజర్‌లో వర్చువలైజేషన్ ఎనేబుల్డ్ అనే ఉంది. పైగా అది విండోస్ 11 హోమ్, ఫీచర్ల లిస్టులో విండోస్ సొంత వీఎం సదుపాయం హైపర్-వీ పేరే ఉండదు. మూడుసార్లు అన్నీ తీసేసి మళ్లీ వేశాను. చివరికి దొరికిన దొంగ మెమరీ ఇంటెగ్రిటీ అనే విండోస్ రక్షణ సెట్టింగ్! కొత్త విండోస్ 11 మెషీన్లలో చాలావాటికి ఇది ముందే ఆన్ అయి వస్తుంది. దీని కోసం విండోస్ తన హైపర్‌వైజర్‌ని చప్పుడు లేకుండా నడుపుతుంది. 'ఎనేబుల్డ్' అంటే బయాస్‌లో ఆన్ అయి ఉందని మాత్రమే, అది మన వీఎంకి దొరుకుతోందని కాదు. ఖాయం చేసుకోవాలంటే సిస్టమ్ ఇన్ఫర్మేషన్ తెరవండి. అడుగున 'హైపర్‌వైజర్ హాజ్ బీన్ డిటెక్టెడ్' అని ఉంటే ఇదే సంగతి.

పరిష్కారం: విండోస్ సెక్యూరిటీలో డివైస్ సెక్యూరిటీ, అందులో కోర్ ఐసోలేషన్‌కి వెళ్లి మెమరీ ఇంటెగ్రిటీని ఆఫ్ చేయండి. విండోస్ ఫీచర్లలో హైపర్-వీ, వర్చువల్ మెషీన్ ప్లాట్‌ఫామ్, విండోస్ హైపర్‌వైజర్ ప్లాట్‌ఫామ్ టిక్కులు తీసేయండి. దీంతో ప్రోగ్రామర్లు వాడే డాకర్, డబ్ల్యూఎస్ఎల్ 2 ఆగిపోతాయి, మిల్లు మెషీన్‌లో వాటితో పనేముంది? అయినా తాబేలు పోకపోతే అడ్మిన్ కమాండ్ ప్రాంప్ట్‌లో బీసీడీఎడిట్‌తో హైపర్‌వైజర్‌లాంచ్‌టైప్‌ని ఆఫ్ చేయండి. ఆ తర్వాత రీస్టార్టే కొట్టాలి. షట్‌డౌన్ చేసి ఆన్ చేస్తే ఫాస్ట్ స్టార్టప్ వల్ల పాత కెర్నలే లేచి కూర్చుంటుంది. వీటన్నింటికంటే ముందు బిట్‌లాకర్ (డిస్క్‌కి విండోస్ వేసే తాళం) రికవరీ కీ రాసి పెట్టుకోండి, లేకపోతే నీలం స్క్రీన్ ముందు చేతులు కట్టుకుని నిలబడాలి. మెమరీ ఇంటెగ్రిటీ రక్షణ కోసం పెట్టిందే, కాబట్టి బ్యాంకు పనులు చేసే మెషీన్‌లో ఈ పని చేయొద్దు. అలాంటి చోట వేరే పాత డెస్క్‌టాప్ అడుగుతాను.

తాబేలు పోయినా 70, 80 దగ్గరే ఆగితే 86బాక్స్‌లో పెంటియమ్ పెట్టుకుని ఉంటారు. 486 డీఎక్స్2-66కి దించండి, క్లిప్పర్‌కి అదే ఎక్కువ. ల్యాప్‌టాప్ అయితే చార్జర్ పెట్టారో లేదో చూడండి. యాంటీవైరస్ వల్ల నెమ్మదించడం నేను ఒకట్రెండు సార్లే చూశాను. ఇక రోమ్ ఇమేజ్‌లు (పాత మెషీన్ల బయాస్ ఫైళ్లు) దొరకలేదని 86బాక్స్ అసలు తెరుచుకోకపోతే అది ర్యామ్ సమస్య కాదు, రోమ్స్ ఫోల్డర్‌ని 86బాక్స్ పక్కన పెట్టడం మర్చిపోయారు.