పెద్ద బీరు కర్మాగారం చూడబోయే ముందు

పొద్దున దించిన తాటికల్లు మధ్యాహ్నానికల్లా పులిసి రుచి మారడం చూస్తూ పెరిగిన మన వరంగల్ వాసులకు పులియబెట్టడం కొత్త విద్య కాదు. అయితే అదే పనిని లక్షల లీటర్లలో, ప్రతి సీసా ఒకే రుచితో వచ్చేలా చేయడం ఎంత కష్టమో పెద్ద కర్మాగారంలోనే తెలుస్తుంది. అందుకే క్రాఫ్ట్ బీరు (చిన్న కర్మాగారాల్లో కొద్దికొద్దిగా తయారుచేసే బీరు) అభిమానులు కూడా ఒకసారి తప్పక వెళ్లాలని నా అభిప్రాయం.

ముందుగా, చూపించేది నిజంగా బీరు తయారయ్యే చోటేనా అని విచారించండి. ఆమ్‌స్టర్‌డామ్‌లోని హైనెకెన్ పాత కర్మాగారంలో 1988లోనే ఉత్పత్తి ఆగిపోయింది, ఇప్పుడది సందర్శనశాల. చెక్ దేశంలోని ప్లజెన్‌లో మాత్రం, 1842లో పిల్స్‌నర్ అనే లేత బంగారు రంగు బీరు పుట్టిన కర్మాగారపు నేలమాళిగలో, ఓక్ పీపాల నుంచి వడకట్టని బీరును అక్కడికక్కడే పోసి ఇస్తారు. ప్రయాణ ఖర్చుకు తగిన అనుభవం అది.

లోపల సీసాలు నింపే యంత్రాల దగ్గర ఎక్కువసేపు ఆగనవసరం లేదు. మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీని సుమారు 65 డిగ్రీల వేడినీటిలో నానబెట్టే పాత్ర దగ్గర నిలబడి, పిండిపదార్థం చక్కెరగా మారేటప్పుడు వచ్చే తీపి వాసనను పీల్చండి. లాగర్‌ను (చల్లని చోట నెమ్మదిగా పులియబెట్టే రకం బీరును) ఎన్ని వారాలు చల్లగా నిల్వ ఉంచుతారో, పులియబెట్టే ఈస్ట్‌ను ఎన్నిసార్లు తిరిగి వాడతారో అడగండి. మన రాష్ట్రంలో సంగారెడ్డి జిల్లాలోనూ పెద్ద కర్మాగారాలు ఉన్నాయి గానీ, యాజమాన్యం నుంచి ముందస్తు అనుమతి లేకుండా బయలుదేరవద్దు.