విదేశీ యాత్రకు నిలబడే బడ్జెట్ ఎలా వేయాలి?

విమాన టికెట్టు, హోటలు కూడి, పైన ఓ యాభై వేలు చేతి ఖర్చులకు పెట్టుకుంటే బడ్జెట్ అయిపోయిందని చాలామంది అనుకుంటారు. టికెట్టు, హోటలు ధరలు ముందే తెలిసినవి కాబట్టి వాటితో పెద్దగా చిక్కు రాదు. తడిసి మోపెడయ్యేవి వేరే ఉంటాయి: పన్ను కలపని ధరలు, కార్డు మీద పడే మార్కప్ (విదేశంలో కార్డు వాడినందుకు బ్యాంకు వేసే అదనపు రుసుము), లెక్కలో మరిచిపోయిన ఆఖరి రోజు. బెంగళూరు నుంచి సింగపూర్‌కి భార్యాభర్తలు, ఎనిమిదేళ్ల పాప ఐదు రాత్రులకు వెళ్తున్నారనుకుని మొత్తం లెక్క వేద్దాం. సులువుగా ఉండటానికి సింగపూర్ డాలరును 70 రూపాయలనుకుందాం. మీరు లెక్క వేసే రోజు అసలు రేటు పెట్టుకోండి.

1. ముందుగా పాస్‌పోర్టులు బయటికి తీయండి

ప్రయాణం నాటికి ఆరు నెలలకు పైగా గడువు ఉండాలి. లేకపోతే కొత్తదానికి పెద్దవాళ్లకి 1,500 రూపాయలు, తత్కాల్ అయితే ఇంకో 2,000. బెంగళూరులో లాల్‌బాగ్ రోడ్డు, మారతహళ్లి కేంద్రాల్లో అపాయింట్‌మెంట్ దొరికే తేదీని బట్టి తత్కాల్ అవసరమో కాదో తేలుతుంది.

పేరు విషయంలో మన వాళ్లకి తరచూ దెబ్బ తగులుతుంది. పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, ఆధార్‌లో ఒక్క అక్షరమే ఉంటుంది. టికెట్టు ఆధార్ చూసి బుక్ చేస్తే తర్వాత సవరణకు డబ్బు కట్టాలి, కొన్ని టికెట్లకైతే రద్దు చేసి కొత్తది కొనడమే గతి. పాస్‌పోర్టు తెరిచి పక్కన పెట్టుకుని, అందులో ఉన్నది ఉన్నట్టు అక్షరం అక్షరం కొట్టండి.

2. వీసా వచ్చేదాకా తిరిగిరాని డబ్బు కట్టకండి

సింగపూర్ వీసా రుసుము 30 డాలర్లు, పైన ఏజెంటు ఛార్జీ ఉంటుంది. వీసా రాకపోయినా రుసుము తిరిగి ఇవ్వరు. ఐరోపా షెంగెన్ వీసా అయితే పెద్దవాళ్లకి 90 యూరోలు, సేవా రుసుము అదనం, కనీసం 30,000 యూరోల వైద్య బీమా తప్పనిసరి. ఇంటర్వ్యూకి చెన్నైకో హైదరాబాద్‌కో వెళ్లాల్సిన దేశమైతే ఆ రానుపోను ఛార్జీలు, ఒక రాత్రి గది కూడా ఈ పద్దులోనే రాయాలి. హోటలు మాత్రం ఉచితంగా రద్దు చేసుకునే రకం తీసుకోండి, వంద రెండొందలు ఎక్కువైనా సరే.

సింగపూర్‌లో దిగే ముందు మూడు రోజుల్లోపు నింపాల్సిన అరైవల్ కార్డుకు పైసా ఖర్చు లేదు. దానికి డబ్బు అడిగే సైటు ప్రభుత్వానిది కాదని గుర్తుపట్టండి.

3. టికెట్టు ధరలో ఏం లేదో చూడండి

చవక విమానాల్లో చెక్-ఇన్ బ్యాగు, భోజనం, సీటు ఎంపిక విడివిడిగా అమ్ముతారు. మూడూ కలిపాకే పెద్ద కంపెనీ ధరతో పోల్చండి, చాలాసార్లు తేడా కరిగిపోతుంది. బ్యాగు బరువు ముందే ఆన్‌లైన్‌లో కొనాలి, విమానాశ్రయం కౌంటరు దగ్గర రేటు బాగా ఎక్కువ. ఆవకాయ సీసా చేతి సామానులో పెడితే భద్రతా తనిఖీలో ఆపేస్తారు. అంటే పచ్చళ్లు పట్టుకెళ్లాలంటే చెక్-ఇన్ బ్యాగు కొనాల్సిందే. రెండేళ్లు నిండబోతున్న బిడ్డ ఉంటే తిరుగు ప్రయాణం తేదీ చూసుకోండి: అప్పటికి రెండో పుట్టినరోజు దాటితే సీటుకి టికెట్టు కొనాలి.

4. హోటలు బిల్లుకు పన్ను కలపండి

సింగపూర్‌లో చాలా హోటళ్లు, రెస్టారెంట్లు ధర పక్కన రెండు ప్లస్ గుర్తులు వేస్తాయి. మొదటిది 10 శాతం సర్వీస్ ఛార్జీ, రెండోది 9 శాతం జీఎస్టీ. ఆ జీఎస్టీ కూడా సర్వీస్ ఛార్జీ కలిపిన మొత్తం మీద పడుతుంది. గది రాత్రికి 170 డాలర్లని ఉంటే ఐదు రాత్రులకు 850 కాదు, 1,019 అవుతుంది. అంటే 59,500 రూపాయలనుకున్నది 71,300 దాటింది. రెస్టారెంటు మెనూలో 50 డాలర్ల భోజనం బిల్లులో దాదాపు 60. బుకింగ్ సైటులో పన్నులు కలిపిన ధర చూపించే ఎంపిక ఉంటే మొదటే దాన్ని నొక్కండి.

5. రోజు ఖర్చును ఆ దేశపు డబ్బులోనే వేయండి

మొదటే రూపాయల్లో వేస్తే మన ఊరి ధరలు మనసులోకి వచ్చి అంకె తగ్గిపోతుంది. ముగ్గురికి ఒక రోజు ఇలా వేసుకోవచ్చు: ఉదయం టిఫిను 15 డాలర్లు, హాకర్ సెంటర్‌లో (చవక తిండి దుకాణాలన్నీ ఒకచోట ఉండే చోటు) మధ్యాహ్నం భోజనం 25, రాత్రి సెరంగూన్ రోడ్డు వైపు మన తిండి 50, కాఫీ, ఐస్‌క్రీము 10. మెట్రో, బస్సులకు 25, ఒక టాక్సీకి 20, చిల్లర మల్లరకు 15. మొత్తం 160 డాలర్లు, అంటే 11,200 రూపాయలు. కుళాయి నీళ్లు తాగొచ్చు కాబట్టి నీళ్ల సీసాలకు విడిగా వేయలేదు, బాటిలు వెంట తీసుకెళ్తే చాలు.

ఐదు రాత్రులంటే ఆరు రోజులు. 160ని ఐదుతో హెచ్చవేసేవాళ్లకి 11,200 రూపాయలు అక్కడే తక్కువ పడతాయి. వెళ్లిన రోజూ తినాలి, తిరిగొచ్చే రోజు గది పది, పదకొండింటికి ఖాళీ చేసి రాత్రి విమానం దాకా బయటే గడపాలి. ఆ రోజు ఖర్చు నిజానికి ఎక్కువే.

మెట్రోలో మన వీసా, మాస్టర్‌కార్డు కాంటాక్ట్‌లెస్ కార్డు తాకించి వెళ్లవచ్చు, కానీ ఒక కార్డు మీద ఒక్కరే. విదేశీ కార్డుకు వాడిన రోజుకి 60 సెంట్లు అదనం. పాపకి అక్కడి ఈజీ-లింక్ కార్డు (డబ్బు నింపుకుని మెట్రో, బస్సుల్లో వాడేది) కొనడం మేలు.

థీమ్ పార్కుల టికెట్లు రోజు ఖర్చులో కలపకండి, విడిగా రాయండి. గార్డెన్స్ బై ద బేలో రాత్రి దీపాల ప్రదర్శన, బొటానిక్ గార్డెన్స్ ఉచితం. ఖరీదైన పార్కు రోజు పక్కన ఇలాంటి రోజు ఒకటి పెడితే సగటు నిలబడుతుంది.

6. డబ్బు మార్చే ఖర్చును కూడా ఒక పద్దుగా రాయండి

చాలా క్రెడిట్ కార్డులకు విదేశీ మార్కప్ 3.5 శాతం వరకు ఉంటుంది, ఆ మార్కప్ మీద 18 శాతం జీఎస్టీ. 70,000 రూపాయల బిల్లు మీద 2,450, దానిపై 441, మొత్తం 2,891 రూపాయలు ఊరికే పోయినట్టే. మార్కప్ తక్కువ ఉన్న కార్డు గానీ, ఆ దేశపు కరెన్సీలోనే నింపిన ఫారెక్స్ కార్డు గానీ వాడండి. డాలర్లంటే అమెరికా డాలర్లేనని నింపించుకుని సింగపూర్‌లో గీస్తే రెండోసారి మార్పిడి ఖర్చు పడుతుంది.

దుకాణంలో యంత్రం "రూపాయల్లో కడతారా?" అని అడిగితే వద్దనండి, అక్కడి కరెన్సీనే ఎంచుకోండి. రూపాయల అంకె చూస్తే ధైర్యంగానే ఉంటుంది గానీ ఆ రేటులో దుకాణం వైపు బ్యాంకు లాభం కలిసి ఉంటుంది.

నగదు కోసం ఎంజీ రోడ్డు, బ్రిగేడ్ రోడ్డు వైపు ఆర్‌బీఐ అనుమతి ఉన్న రెండు మూడు ఫారెక్స్ దుకాణాల్లో అమ్మకం రేటు అడగండి. అన్ని ఛార్జీలు కలిపి చేతికి 300 డాలర్లు ఇవ్వడానికి ఎంత తీసుకుంటారని అడిగితేనే పోలిక సరిగ్గా వస్తుంది. దేవనహళ్లి విమానాశ్రయం కౌంటరు చివరి దిక్కు మాత్రమే. నగదు రూపాయలిచ్చి కొనేది 50,000 దాటకూడదు, దాటితే మొత్తం సొమ్మూ ఖాతా నుంచే కట్టాలి. పాస్‌పోర్టు, పాన్ కార్డు వెంట ఉంచుకోండి.

బయల్దేరే ముందు బ్యాంకు యాప్‌లో అంతర్జాతీయ లావాదేవీలు ఆన్ చేశారో లేదో చూడండి, చాలా కార్డులకు అది ఆఫ్‌లోనే ఉంటుంది. హోటలు వాళ్లు అడిగే డిపాజిట్‌కు క్రెడిట్ కార్డే ఇవ్వండి. ఫారెక్స్ కార్డు ఇస్తే ఆ సొమ్ము విడుదలయ్యేదాకా ఖర్చుకి అందదు.

7. మిగిలినవి

టూర్ ప్యాకేజీ కొంటే ధర పైన టీసీఎస్ (అమ్మేవాళ్లే ముందుగా వసూలు చేసి ప్రభుత్వానికి కట్టే ఆదాయపు పన్ను) వసూలు చేస్తారు. ఐటీ రిటర్నులో సర్దుబాటవుతుంది, కానీ అప్పటిదాకా ఆ డబ్బు చేతిలో ఉండదు, కాబట్టి కట్టేనాటి బడ్జెట్‌లో ఉండాల్సిందే. దాని రేటు కేంద్ర బడ్జెట్లలో మారుతూ ఉంటుంది, బుకింగ్ రోజునే అడగండి. ఎలక్ట్రానిక్ సిటీలో ఉండేవాళ్లకి తెల్లవారుజాము విమానమంటే రానుపోను క్యాబు, సాదహళ్లి టోలు కలిసి మంచి మొత్తమే. సామాను తక్కువుంటే విమానాశ్రయానికి నడిచే వాయు వజ్ర బస్సు చూసుకోండి. రోమింగ్ ప్యాక్, బీమా, బంధువులకు తెచ్చే వస్తువులు ఒక్కోటి ఒక్కో వరుసలో రాయండి.

అన్నీ కూడాక 15 శాతం కలపండి. ఈ సొమ్ము జ్వరానికి, తప్పిపోయిన విమానానికి, రేటు పెరుగుదలకు. షాపింగుకు దీన్ని ముట్టుకోకండి. తిరిగొచ్చాక మిగిలిన నోట్లు ఫారెక్స్ దుకాణంలో ఇచ్చేయవచ్చు, నాణేలు మాత్రం ఇక్కడ సాధారణంగా తీసుకోరు. ఆఖరి రోజు కాఫీకి, బస్సుకి వాటినే వాడేయండి. ఫారెక్స్ కార్డులో మిగిలింది కూడా ఖాతాకి వెనక్కి వేయించండి, వదిలేస్తే కొన్ని కార్డుల్లో వాడనందుకు రుసుము కోస్తారు.