సీడీ ప్లేయర్ సంరక్షణ, 2వ భాగం: డిస్కు కడగడం

పోయిన భాగంలో ప్లగ్గు పీకి ప్లేయర్ పైపైన దుమ్ము దులపడం చూశాం కదండీ, ఈసారి డిస్కు సంగతి. పాట మధ్యలో ఎగిరిపోతుంటే అందరూ ముందు ప్లేయర్నే అనుమానిస్తారు. ఇంకో సీడీ పెట్టి చూడండి, అది బాగా పాడితే ప్లేయర్ జోలికి వెళ్ళక్కర్లేదు, తప్పు డిస్కుదే.

మన కోనసీమలో వానాకాలం వస్తే గోడలే చెమ్మెక్కిపోతాయి, ఇక బీరువా అడుగున పడేసిన పెళ్ళి సీడీలు, వ్రతం సీడీలు ఎలా ఉంటాయో చెప్పాలా, తెల్లటి బూజు మచ్చలు పట్టేస్తాయి. చాలావరకు అది పైనే ఉంటుంది, కడిగితే పోతుంది. కానీ వదిలేయొద్దు. బెలీజ్ అని మధ్య అమెరికాలో ఇలాగే ఉక్కగా ఉండే దేశం, అక్కడ ఒక సీడీని ఫంగస్ లోపలి అల్యూమినియం పొరదాకా తినేసిందని 2001లో స్పెయిన్ శాస్త్రవేత్తలు రాశారు.

ముందు డిస్కుని అంచులు పట్టుకుని ట్యూబ్‌లైట్‌కి అడ్డంగా పెట్టి చూడండి. సూది బెజ్జాల్లా వెలుతురు కనపడితే అక్కడ అల్యూమినియం పోయినట్టే, దానికి మందు లేదు. అందరూ మెరిసే వైపే జాగ్రత్తగా చూసుకుంటారు గానీ అటు ప్లాస్టిక్ దాదాపు 1.2 మిల్లీమీటర్ల మందం ఉంటుంది, బొమ్మ ఉన్న వైపు మాత్రం డేటాకి పైన పల్చటి లక్క పూత, ఇంకు అంతే. అందుకే బొమ్మ వైపు గీత పడితే ఎక్కువ నష్టం, దాని మీద బాల్ పెన్నుతో పేర్లు రాయకండి దయచేసి.

ఇప్పుడు కడగడం. బోరు నీళ్ళు వద్దు, సముద్రం వైపు ఊళ్ళల్లో అవి ఉప్పగా ఉంటాయి, ఆరాక చారలు మిగులుతాయి, తాగడానికి తెచ్చుకునే టిన్ను నీళ్ళు వాడండి. అందులో గిన్నెలు తోమే లిక్విడ్ ఒక్క చుక్క, వేలితో మెల్లగా రుద్ది, మంచి నీళ్ళతో కడిగేసి, కళ్ళజోడు తుడుచుకునే మెత్తటి గుడ్డతో తడి అద్దాలి. థిన్నర్, పెట్రోలు, గోళ్ళరంగు తీసే ద్రావకం మాత్రం దగ్గరికి రానివ్వద్దు, ప్లాస్టిక్ మసకబారిపోతుంది.

తుడిచేటప్పుడు మధ్య బెజ్జం దగ్గర్నుంచి అంచుకి తిన్నగా లాగాలి, ఈ పాఠం మొత్తంలో గట్టిగా గుర్తుంచుకోవాల్సింది ఇదే. అద్దం తుడిచినట్టు గుండ్రంగా తిప్పకూడదు. ఎందుకంటే పాట లోపల్నుంచి బయటికి చుట్లు చుట్లుగా రాసి ఉంటుంది, గుడ్డలో ఇసుక రేణువు ఉండి తిన్నగా గీత పడితే ఒక్కో చుట్టులో కొంచెమే పోతుంది, ప్లేయర్ తన ఎర్రర్ కరెక్షన్‌తో సర్దేసుకుంటుంది. చుట్టు వెంబడే గీత పడితే మాత్రం వరసగా సుమారు 2.5 మిల్లీమీటర్లు దాటాక పూర్తిగా సరిచేయలేదు, టక్కుమని ఎగురుతుంది.

ఆరబెట్టడం నీడలోనే, ఫ్యాను కింద. ముఖ్యంగా ఇంట్లో రైట్ చేసుకున్న సీడీలు ఎండలో పెట్టకండి, వాటిలో డేటా ఉండేది రంగు పొరలో, అది వెలిసిపోతుంది. పూర్తిగా ఆరాకే డబ్బాలో పెట్టి నిలువుగా సర్దండి, కొత్త చెప్పుల పెట్టెలో వచ్చే సిలికా జెల్ పొట్లం ఒకటి అరలో పడేయండి.

వచ్చే భాగంలో లెన్సు. అప్పటిదాకా దాని మీద వేలు పెట్టకండి, ఊదకండి కూడా.