దాత వెళ్ళిపోయాక కూడా ఉపాధ్యాయ శిక్షణ నిలవాలంటే

కంపెనీల సామాజిక బాధ్యత నిధులతో ఏళ్ళ తరబడి నడిపే ప్రాజెక్టుకు, మొదలైన ఆర్థిక సంవత్సరం పోను, మూడేళ్ళకు మించి గడువు ఉండదని నిబంధనలే చెబుతున్నాయి. విదేశీ సాయమైనా ఒక తేదీన ఆగవలసిందే. కాబట్టి ఒప్పందం రాసుకునే రోజునే, గడువు తీరాక ఈ పని ఎవరు చేస్తారు, ఏ పద్దు నుంచి ఖర్చు పెడతారు అన్న రెండు ప్రశ్నలకు జవాబు కాగితం మీద ఉండాలి. చివరి ఆరు నెలల్లో ఆ ఆలోచన మొదలుపెట్టిన ప్రాజెక్టు నిలిచిన ఉదాహరణ నేను చూడలేదు.

ముందుగా ప్రాజెక్టు చేసే ప్రతి పనినీ ఒక కాగితం మీద రాసి, దాని పక్కనే ఆ పనిని చేయగల ప్రభుత్వ ఉద్యోగి ఎవరో, ఆ ఖర్చును భరించగల పద్దు ఏదో రాయండి. పక్కన ఏమీ రాయలేకపోయిన పనులను తగ్గించుకోవాలి, లేదా రూపం మార్చుకోవాలి. ఇందులో అన్నిటికన్నా చిక్కైనది ప్రాజెక్టు నడిపే సంస్థ జీతమిచ్చి పెట్టుకున్న మెంటర్ల విషయం. తరగతి గదిలో కూర్చుని ఉపాధ్యాయుడికి ఓపికగా సాయపడేది వారే, కానీ వారు వెళ్ళాక ఆ కుర్చీ ఖాళీగానే ఉంటుంది. అందుకని మొదటి ఏడాది మెంటరు, చుట్టుపక్కల బడుల బాగోగులు చూసే సీఆర్పీని, అంటే క్లస్టర్ రిసోర్స్ పర్సన్‌ను వెంటబెట్టుకుని బడికి వెళ్ళాలి. రెండో ఏడాది సీఆర్పీ మాట్లాడుతుంటే మెంటరు వెనుక కూర్చుని రాసుకోవాలి. మూడో ఏడాది మెంటరు నెలకు ఒకసారి వస్తే చాలు. సీఆర్పీల సమయమంతా వివరాల సేకరణకే పోతుంది కనుక, వారంలో ఫలానా రోజులు బడి సందర్శనకే అని అధికారి నుంచి రాతపూర్వకంగా తీసుకోవాలి. నోటిమాట ఆ అధికారి బదిలీ అయ్యేవరకే నిలుస్తుంది.

శిక్షణకు కొత్త వేదికలు కట్టకుండా, చుట్టుపక్కల బడులను కలిపిన స్కూల్ కాంప్లెక్స్ ఉపాధ్యాయులకు ఇప్పటికే జరిగే సమావేశాన్నే వాడుకోవడం మేలు. ఒక సమావేశంలో నేను చూసినది చెబుతాను. ఉపన్యాసం సాగుతున్నంతసేపూ ఉపాధ్యాయులు గడియారం చూసుకుంటూ కూర్చున్నారు. తరువాత ఒక ఉపాధ్యాయురాలు తన మూడో తరగతి పిల్లవాడి నోటుపుస్తకం తెరిచి, అరువు తెచ్చుకునే తీసివేతల్లో వాడు ప్రతిసారీ పెద్ద అంకె నుంచి చిన్న అంకెనే తీసేస్తున్నాడని చూపించారు. 52లో నుంచి 27 తీసేస్తే వాడికి 35 వచ్చింది. తమ తరగతుల్లోనూ ఇదే తప్పు కనిపిస్తోందని నలుగురు చెప్పారు, అక్కడికక్కడే పుల్లల కట్టలతో ఎలా చెప్పాలో చేసి చూశారు. ఆ గంటకు ఖర్చయినది ఏమీ లేదు. దాత డబ్బు ఉన్నప్పుడే ఇలాంటి గంటను సమావేశంలో స్థిరమైన భాగం చేయగలిగితే, డబ్బు ఆగాక కూడా అది ఆగదు.

మన దగ్గర దీనికి పాత ఆధారమే ఉంది. బ్రిటన్ ప్రభుత్వ సాయంతో 1980లలో మొదలై తరువాతి దశాబ్దంలో ఉమ్మడి రాష్ట్రమంతటా విస్తరించిన ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా ప్రాజెక్టు, చుట్టుపక్కల బడుల ఉపాధ్యాయులను టీచర్ సెంటర్లలో కలిపింది, చేస్తూ నేర్చుకోవడం, పరిసరాలను వాడుకోవడం, పిల్లల పనిని తరగతిలో ప్రదర్శించడం వంటి ఆరు సూత్రాలను నేర్పింది. ఆ ప్రాజెక్టు ముగిసి ఎన్నో ఏళ్ళయినా, నేటి కాంప్లెక్స్ సమావేశాల్లో ఆ కలయిక పోలిక కనిపిస్తుంది. ఆరు సూత్రాలు గుర్తుపెట్టుకోవడానికి సులువైనవి కావడం ఇందుకు పెద్ద కారణమని నా అభిప్రాయం. నూట ఇరవై పేజీల కరదీపికను ఎవరూ గుర్తుపెట్టుకోరు.

బదిలీల సంగతి మరువరాదు. బడికి ఒక్కరికే శిక్షణ ఇస్తే, ఆ ఒక్కరూ వేసవిలో వేరే మండలానికి వెళ్ళగానే బడి మళ్ళీ మొదటికి వస్తుంది. కనుక బడిని కాకుండా కాంప్లెక్స్ మొత్తాన్ని యూనిట్‌గా తీసుకోవాలి. ఏకోపాధ్యాయ పాఠశాల నుంచి ఉపాధ్యాయుణ్ణి పని దినాల్లో పిలిస్తే బడి మూతపడుతుంది, ఆ నష్టం పిల్లలది. సెలవుల్లో పిలిస్తే అందుకు బదులుగా సంపాదిత సెలవు జమ చేసే ఉత్తర్వు ముందే చేతిలో ఉండాలి. లేకపోతే వచ్చినవారి మనసు శిక్షణ మీద ఉండదు, వారిని తప్పుపట్టలేము.

ఇక డబ్బు. ఏప్రిల్‌లో మొదలయ్యే ఆర్థిక సంవత్సరానికి, బడి చదువుకు కేంద్రం, రాష్ట్రం కలిసి నిధులిచ్చే సమగ్ర శిక్ష పథకపు వార్షిక ప్రణాళికను జిల్లాలు అంతకు ముందే సిద్ధం చేస్తాయి కాబట్టి, రెండో ఏడాది శీతాకాలంలోనే కాంప్లెక్స్ సమావేశాల ఖర్చును, ముద్రణ ఖర్చును అందులో చేర్పించేందుకు జిల్లా కార్యాలయం చుట్టూ తిరగాలి. మొదటిసారి కొద్ది మొత్తమే మంజూరైనా ఫరవాలేదు, ఆ పద్దు పుట్టడమే ముఖ్యం. శిక్షణ సామగ్రిని రాష్ట్ర విద్యా పరిశోధన శిక్షణ మండలికి, జిల్లా ఉపాధ్యాయ శిక్షణ సంస్థ అయిన డైట్‌కు ఇచ్చేటప్పుడు ముద్రించిన పుస్తకాలతో సరిపెట్టకుండా, మార్చుకోవడానికి వీలైన ఫైళ్ళను, వాటిని సొంతంగా సవరించి ముద్రించుకోవచ్చన్న అనుమతి పత్రాన్ని కలిపి ఇవ్వాలి. పాఠ్యపుస్తకాలు మారిన ఏడాది డైట్ అధ్యాపకులకు మొదట అవసరమయ్యేవి ఆ ఫైళ్ళే.