తొక్కుల కాలం వచ్చింది: సజ్జ మీది సీసాలు దించే ముందు

ఏప్రిల్ సగం దాటిందంటే మన నల్లగొండ, పాలమూరు ఇండ్లల్లో రెండు పనులు ఒకేసారి మొదలవుతాయి. అంగట్లో పుల్లటి నాటు మామిడికాయల బేరం, ఇంట్లో సజ్జ మీది ఖాళీ సీసాల వేట. జామ్ సీసా, కాఫీ పొడి సీసా, తేనె సీసా, హార్లిక్స్ సీసా, ఎప్పుడో చుట్టాలు పచ్చడి పంపిన సీసా... ఏడాదంతా "పారెయ్యకు, పనికొస్తది" అని దాచినవన్నీ ఒక్క పూటలో కిందికి దిగుతాయి. అవీ చాలకపోతే గోడ మీది నుంచి పక్కింటికి కేక: "వదినా, పెద్ద సీసా ఒకటుంటే ఇయ్యరాదు!"

దాచడాన్ని తప్పు పట్టను. గాజుకు వాసన పట్టదు, ఉప్పుకూ పులుపుకూ అది లొంగదు. ఏడాది తొక్కును ప్లాస్టిక్ డబ్బాలో పెట్టడం కంటే సీసాలో పెట్టడం వెయ్యిరెట్లు నయం. అయితే సీసా అనగానే పగలడం ఒక్కటే గుర్తొస్తుంది మనకు. అసలు తిప్పలు వేరేచోట ఉంటాయి: మూత దగ్గర, వేడి దగ్గర, లోపల పుట్టే గ్యాస్ దగ్గర, అన్నిటికీ మించి లోపల ఏం పోశామో ఇంట్లో మిగతావాళ్లకు తెలియకపోవడం దగ్గర. అందుకే నా లెక్క ఒకటే. సీసా దించిన రోజే దాని పని ఏందో తేల్చేయాలి. తేల్చాక ఇంకో పనికి మార్చొద్దు.

అంచు, అడుగు చూసుకోవాలి

కొంచెం దూది తీసుకుని సీసా మూతి అంచు చుట్టూ మెల్లగా తిప్పండి. పత్తి పండే జిల్లాల్లో దూదికేం కరువు! పోగులు ఎక్కడైనా చిక్కుకున్నాయంటే అక్కడ అంచు లేచినట్టు. ఆ లేచిన ముక్క కంటికి కనబడదు, వేలు తెగేదాకా తెలియదు, దూదికి మాత్రం దొరికిపోతుంది. తర్వాత సీసాను ఎండకు ఎదురుగా పట్టి అడుగు భాగం, మెడ దగ్గరి వంపు చూడాలి. వెంట్రుకలాంటి గీత ఒకటి కనబడి, సీసాను కొద్దిగా తిప్పగానే తళుక్కుమని, ఇంకొంచెం తిప్పితే మాయమైందంటే అది పైపై గీత కాదు, లోపలి పగులు. చెంచాతో మెల్లగా తట్టండి. ఖంగుమంటే సరే, బొంగురుగా పలికితే పక్కన పెట్టేయండి. "తొక్కుకు వద్దులే, గుండీలు వేసుకుందాం" అని కూడా ఉంచుకోవద్దు. గుండీల సీసాలోనే పిల్లలు చెయ్యి పెడతారు.

మన బోరు నీళ్లతో కడిగిన సీసాల లోపల తెల్లటి పొర కడుతుంది. అది నీళ్లలోని సున్నపు ఉప్పు. నకిరేకల్ వైపు నిమ్మకాయలకు కొదవ లేదు, పిండేసిన చెక్కలతో రుద్ది అరగంట వదిలేస్తే పొర పోతుంది. దీన్ని చూసి ఫ్లోరైడ్ అని భయపడేవాళ్లున్నారు. ఫ్లోరైడ్ అట్లా కంటికి కనబడదు. తాగే నీళ్లలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదన్నది హద్దు, మరిగిస్తే పోయేది కూడా కాదు. సీసా తెల్లబడటానికీ దానికీ సంబంధం పెట్టుకోకండి.

లేబుల్ ఊడకపోతే కత్తితో గీకొద్దు, గాజు మీద పడ్డ గీత తర్వాత పగులుకు దారి అవుతుంది. సర్ఫు కలిపిన గోరువెచ్చని నీళ్లలో నానబెట్టి, మిగిలిన జిగురును కొబ్బరినూనె, వంట సోడా కలిపి రుద్దితే పోతుంది.

మూత సంగతి మాత్రం కొంచెం కఠినంగానే చెప్పాలి. గాజు పదేళ్లయినా ఉంటుంది, ఇనుప రేకు మూత ఉండదు. దాని లోపలి రబ్బరు లాంటి పొర పాత పచ్చడి వాసనను వదలదు. ఆ పొర ఎక్కడ గీసుకుపోయిందో అక్కడ ఉప్పూ పులుపూ కలిసి రేకును తింటాయి. లోపల గోధుమ రంగు చుక్క ఒక్కటి కనబడినా ఆ మూత తొక్కుకు పనికిరాదు. మూత లేకుంటే సీసా వృథా అనుకోకండి. జాడీకి వాసెన కట్టినట్టే శుభ్రంగా ఉతికి ఆరేసిన కాటన్ గుడ్డ రెండు మడతలు పెట్టి మూతికి గట్టిగా కట్టొచ్చు. సీసాను పొయ్యికి, చీమలకు దూరంగా పెట్టాలంతే.

వేడి దగ్గర తొందర వద్దు

జామ్, పచ్చడి సీసాలది మామూలు గాజు. ఇసుక, సోడా యాష్, సున్నపురాయి కరిగించి పోసింది. ప్రయోగశాలల్లో మంట మీద పెట్టే గాజుతో పోలిస్తే వేడికి ఇది దాదాపు మూడింతలు ఎక్కువ సాగుతుంది. లోపల మరిగే నీళ్లు పడగానే లోపలి వైపు సాగుతుంది, బయటి వైపు ఇంకా చల్లగానే ఉంటుంది. ఆ గుంజులాటలో అడుగు ఊడి వస్తుంది. సీసా ఎంత మందంగా ఉంటే అంత గట్టిదనుకుంటాం గానీ, వేడి విషయంలో మందపు అడుగే ముందు పోతుంది.

కాబట్టి సీసాలను మరగబెట్టాలంటే పెద్ద గిన్నె అడుగున పాత గుడ్డ పరిచి, సీసాలను చల్లటి నీళ్లతో నింపి, మునిగేలా నీళ్లు పోసి, అప్పుడు పొయ్యి వెలిగించాలి. నీళ్లు, సీసా కలిసి వేడెక్కాలి. మరగడం మొదలయ్యాక పది నిమిషాలు ఉంచి ఆపేయండి. ఆ నీళ్లలోనే గోరువెచ్చగా అయ్యాక తీసి, పొడిగుడ్డ మీద బోర్లించాలి. చాలామంది దొరికిపోయేది ఇక్కడే: వేడి సీసాను తీసి తడి షాబాద్ బండ మీద పెడతారు, టప్పుమంటుంది. మే నెల ఎండలో గంటలకొద్దీ కాగిన సీసా కూడా వేడి సీసానే. డాబా మీది నుంచి తెచ్చి వెంటనే చల్లటి నీళ్ల కింద పెట్టకండి.

తొక్కుకు పోపు పెట్టడం మన దగ్గర మామూలే. పల్లి నూనె కాగి, ఎండుమిర్చి, ఎల్లిగడ్డ చిటపటలాడుతున్నప్పుడే సీసాలోకి ఒంపితే సీసా దక్కదు, చెయ్యీ కాలుతుంది. పోపు నూనె పూర్తిగా చల్లారాక తొక్కులో కలిపి, అప్పుడు సీసాకు ఎత్తాలి. లోపల తేమ చుక్క కూడా ఉండొద్దు. సీసాను బయటి నుంచి చూసి ఆరిందనుకోకుండా, మూత పెట్టి పది నిమిషాలు ఎండలో ఉంచండి. లోపలి గోడకు ఆవిరి మసక పట్టిందంటే ఇంకా ఆరలేదు. రెండు వేళ్ల ఎత్తు ఖాళీ వదిలి, ముక్క మీదికి నూనె తేలేదాకా పోయాలి. ఒక్క పెద్ద సీసా కంటే మూడు నాలుగు చిన్నవి మేలు. ఒకదాంట్లో తడి చెంచా పడినా మిగతావి బతుకుతాయి.

ఉప్పూ పులుపూ దండిగా ఉంటాయి కాబట్టి తొక్కు నిలవుంటుంది. ఆ ధైర్యంతో ఉత్త నూనెలో పచ్చి ఎల్లిగడ్డలు వేసి అందమైన సీసాలో వంటింటి గట్టు మీద పెట్టొద్దు. గాలి ఆడని ఆ నూనె అడుగున బొటులిజం అనే ప్రాణాంతక జబ్బు తెచ్చే బ్యాక్టీరియా పెరగొచ్చు, వాసనలో తేడా కూడా రాదు. కావాలంటే కొంచెమే చేసుకుని, ఫ్రిజ్‌లో పెట్టి, నాలుగు రోజుల్లో వాడేయండి.

పల్లీలు, పప్పులు పోసుకునేవాళ్లకు ఒక్క మాట. ఎండబెట్టిన గింజలు చల్లారకముందే మూత బిగిస్తే లోపల చెమ్మ చేరుతుంది. పల్లీలకు పచ్చటి బూజు పడితే వేయించి సరిపెట్టుకోవద్దు. ఆ బూజు వదిలే అఫ్లాటాక్సిన్ అనే విషం వేయిస్తే పూర్తిగా పోదు. పారబోయాల్సిందే.

బత్తాయి తొక్కల సీసా

నల్లగొండలో బత్తాయి తొక్కలు పారేయని ఇల్లు ఉండదు. ఈమధ్య వాటితో బయో ఎంజైమ్ చేసుకుని బండలు తుడుస్తున్నారు: ఒక పాలు బెల్లం, మూడు పాళ్లు తొక్కలు, పది పాళ్లు నీళ్లు, మూడు నెలలు. మంచి పనే. కానీ దీన్ని మాత్రం గాజు సీసాలో చేయకండి. బెల్లం పులిసేటప్పుడు కార్బన్ డయాక్సైడ్ పుడుతుంది, మొదటి నెలలో మరీ ఎక్కువ. బిగించిన గాజు సీసాలో అది పోయే దారి లేక సీసా పేలుతుంది. ముక్కలు ముఖం ఎత్తులో ఎగురుతాయి. ప్లాస్టిక్ సీసా అయితే ఉబ్బి ముందే చెబుతుంది. దాని మూత కూడా మొదటి నెల రోజూ ఒకసారి వదులు చేసి బిగించాలి. మూడు నెలలయ్యాక, వడకట్టాక, బుడగలు ఆగాక గాజు సీసాకు మార్చుకుంటే ఇబ్బంది లేదు. దోసెల పిండి కూడా పులుస్తుంది కాబట్టి దాన్నీ మూత బిగించిన గాజు సీసాలో పెట్టొద్దు. డీప్ ఫ్రీజర్‌లో మెడ సన్నటి సీసాలు వద్దు, నీళ్లు గడ్డకట్టేటప్పుడు దాదాపు పదో వంతు పెరుగుతాయి.

పత్తి మందు సీసాలో పోస్తే

ఇది చదవకుండా దాటేయొద్దు. మృగశిర దాటి పత్తి మొలిచాక ఊళ్లల్లో ఒక అలవాటు ఉంది. పక్క చేను ఆయన కొన్న పురుగుమందు డబ్బాలో సగం మిగిలితే "జరంత నాక్కూడా పోయన్నా" అని ఇంటి నుంచి ఖాళీ సీసా పట్టుకుపోతారు. పచ్చడి సీసా, కాఫీ సీసా, ఏది దొరికితే అది. తెచ్చి గూట్లో పెడతారు. సీసాకు లేబుల్ ఉండదు, లేదా ఇంకా కాఫీ లేబులే ఉంటుంది. చీకట్లో దగ్గు మందనో, మంచి నీళ్లనో పొరపాటున తాగితే, ఏ మందు తాగారో చెప్పే కాగితం కూడా ఇంట్లో ఉండదు.

ఆ కాగితం ఎందుకంత ముఖ్యమంటే, మందును బట్టి వైద్యం మారుతుంది. మోనోక్రోటోఫాస్ లాంటి ఆర్గానోఫాస్ఫేట్ మందులకు అట్రోపిన్ ఇస్తారు. గడ్డిమందు పారాక్వాట్‌కు విరుగుడే లేదు. కాబట్టి మందు ఎంత మిగిలినా దాని డబ్బాలోనే, లేబుల్‌తోనే, తాళం వేసిన చోటే. ఇవ్వకపోతే అన్న ఏమనుకుంటాడో అన్న మొహమాటం ఇక్కడ పనికిరాదు. ఎవరైనా తాగితే ఉప్పునీళ్లు తాగించి కక్కించొద్దు. బట్టల మీద పడితే విప్పేసి ఒళ్లు కడగండి, 108కి ఫోన్ చేయండి, డబ్బాను కూడా ఆసుపత్రికి తీసుకుపోండి. ఫినాయిల్, బాత్రూమ్ యాసిడ్, కిరోసిన్‌కూ ఇదే మాట. నీళ్లు కలిపిన ఫినాయిల్ చూడటానికి అచ్చం మజ్జిగే. మందు వచ్చిన సీసాను ఎన్నిసార్లు కడిగినా తిండికి వాడొద్దని వేరే చెప్పక్కర్లేదు.

కిటికీ మీద, వాకిట్లో

మనీప్లాంట్ సీసా వానాకాలంలో దోమల తొట్టి అవుతుంది. డెంగీ దోమ నిలవ నీళ్ల సీసాలో పెట్టిన గుడ్డు వారం పది రోజుల్లో దోమై ఎగురుతుంది. నీళ్లు ఒక్కటే పారబోస్తే చాలదు. గుడ్లు నీటి మట్టానికి కాస్త పైన సీసా గోడకు అతుక్కుని ఉంటాయి, ఎండినా నెలల తరబడి చావవు. వారానికోసారి తీగను వేళ్లతో సహా తీసి పక్కన పెట్టి, లోపలి గోడను బ్రష్‌తో రుద్దాలి. నీళ్లు నింపిన గుండ్రటి సీసాను నేరుగా ఎండ పడే కిటికీలో పెట్టకండి, అది భూతద్దంగా మారి ఎండను ఒకచోటికి చేర్చగలదు.

దీపావళికి సీసాల్లో దీపాలు పెట్టేవాళ్లు ఇంకో సంగతి చూసుకోవాలి. అదే సమయంలో పత్తి ఏరి ఇంట్లోనే కుప్ప పోసుకుంటాం, ఒక్కోసారి పడకటింట్లో కూడా. ఆ గది దరిదాపుల్లో సీసా దీపం వద్దు. పెట్టేచోట వెడల్పు మూతి ఉన్న సీసా తీసుకుని, అడుగున రెండు అంగుళాల ఇసుక పోసి, మంట గోడకు తగలకుండా నడిమధ్యలో నిలపాలి. మెడ సన్నగా ఉంటే గాలి ఆడక మంట ఆరుతూ పొగ చూరుతుంది, గాజు ఒకవైపే కాలుతుంది. కొవ్వొత్తి చివరి అంగుళం దాకా కాలనివ్వకండి, అడుగు పగిలేది అప్పుడే.

దారానికి కిరోసిన్ పట్టించి, సీసాకు చుట్టి అంటించి, చల్లటి నీళ్లలో ముంచి రెండు ముక్కలు చేసే వీడియోలు పిల్లలు చూస్తుంటారు. సెలవుల్లో వాళ్లకిదే ఆట. సీసా అనుకున్న చోట సాఫీగా తెగదు, అంచు కత్తే. వద్దనండి. రంగులు వేయమనండి, అదీ బయటి వైపే, మూతికి రెండు అంగుళాల కింది వరకే, తినే వస్తువు పెట్టని సీసాకే.

కోతుల బెడద ఉన్న ఊళ్లలో డాబా మీద సీసాలు ఆరబెట్టి కిందికి రాకండి. ఎవరో ఒకరు కట్టె పట్టుకుని కూర్చోవాలి, వేరే మార్గం నాకు కనబడలేదు.

సీసా పగిలి ముక్క తొక్కులో పడిందనుకోండి. ఎంత తొక్కయినా పారబోయాల్సిందే. వడకట్టినా సన్నటి పలుకు మిగులుతుంది, కారం, నూనె మధ్య అది ఏ కంటికీ కనబడదు. నేల మీది పెద్ద ముక్కలు చీపురుతో ఎత్తాక, సన్నటి పలుకులకు తడి గోధుమపిండి ముద్దను అద్దండి, అన్నీ అంటుకొస్తాయి. ముక్కలన్నీ పాత పేపర్‌లో నాలుగు చుట్లు చుట్టి, అట్టడబ్బాలో పెట్టి, పైన పెద్ద అక్షరాలతో "గాజు" అని రాసి మున్సిపాలిటీ బండికి చేతికే ఇవ్వండి. చెత్త కవర్‌లో కలిపి వేస్తే ఆ బండి మీది మనిషి చెయ్యి తెగుతుంది. చేను గట్టున పారేస్తే కలుపుకు వచ్చిన కూలీల కాళ్లు, మేకల నోళ్లు తెగుతాయి.